మిట్టకా, పల్లానికా

మంచం వీధి గుమ్మంలో ఇరుక్కుంది. సగం ఇంట్లో, సగం వీధిలో. ఇంట్లో ఉన్న సగం మీద అత్తగారు బాసింపట్లు వేసుకుని, ఒళ్ళో దిండు పెట్టుకుని కూర్చుంది.

"ఒక్కసారి దిగండత్తయ్యా. పక్కకి ఒరిగిస్తే గానీ మంచం గుమ్మం దాటదు" అంది టైలరమ్మ. ఆ మాట అనడం ఎన్నోసారో ఆమెకే తెలియదు.

"రోగి ఎక్కడైనా దిగుతుందటే? నేను రోగిని. దిగమంటే ఎలా దిగుతాను?"

"ఇంకా రోగం మొదలు కాలేదు కదండీ! మార్కెట్ సెంటర్లో మీ అబ్బాయి గడియారం చూసి 'ఊఁ' అన్నాక కదా మీరు రోగి అయ్యేది."

"వాడు ఊఁ అనేసరికి నేను నిజంగానే పోతాను. కన్నదాన్ని, వాడి సంగతి నాకు తెలీదా?"

వీధిలో ఉన్న సగాన్ని పట్టుకుని నిలబడ్డవాడు టైలరమ్మ అన్నయ్య. వడ్రంగి. గుమ్మానికి అడ్డంగా నిలబడితే ఇంట్లోకి వెలుతురు రానంత మనిషి. చెవి మీద పెన్సిలు, మొహం మీద చిరాకు.

"అత్తయ్యగారూ, ఈ గుమ్మం నేను చేసి బిగించిందే. దీని కొలత నాకు తెలుసు. మీరు దిగకుండా ఇది కదలదు."

"నువ్వు చేసిందేనా? అందుకే ఇలా ఏడ్చింది."

టైలరమ్మ పెదవి కొరుక్కుంది. నవ్విందంటే అన్నయ్యకి కోపం. నవ్వకపోతే అత్తగారికి కోపం.

"ఏవండీ" అని లోపలికి కేకేసింది. "మంచం ఎటు తిప్పమంటారో కాస్త వచ్చి చెప్పండి. ఎడం పక్కకా, కుడి పక్కకా?"

గడియారాలు బాగుచేసే ఆమె మొగుడు వంటింటి గుమ్మంలోంచి తల బయట పెట్టాడు. మంచాన్ని చూశాడు. తల్లిని చూశాడు.

"చూద్దాం" అని తల లోపలికి లాగేసుకున్నాడు.

అదీ మనిషి. అందుకే ఆయన్ని ఆస్పత్రి కమిటీకి పెద్దని చేశారు. పైవాళ్ళు ఊరికి ఆస్పత్రి ఇస్తామన్నారు. స్థలం మీరే తేల్చుకోండి, ఈ వారంలో తేలకపోతే పక్క ఊరికి ఇచ్చేస్తాం అన్నారు. కొండవాలు మీద ఉన్న మిట్ట మైదానమా, పెద్ద రోడ్డు పక్కనున్న పల్లపు మైదానమా అన్న దగ్గర కమిటీ సరిగ్గా సగానికి సగం చీలింది. ఇక మిగిలింది కమిటీ పెద్ద వేసే ఓటు. పుట్టి బుద్ధెరిగాక ఏ పక్షమూ వహించని మనిషి కాబట్టి ఇరువైపులవాళ్ళూ ఏరికోరి ఆయన్ని కూర్చోబెట్టారు. వేసుకునే చొక్కా దగ్గర్నుంచి చేసుకున్న పెళ్ళాం దాకా ఆయనకి అన్నీ వేరేవాళ్ళు తేల్చి పెట్టినవే. రెండు గడియారాల్లో ఏది సరిగ్గా నడుస్తోందో తేల్చుకోలేక చెరో చేతికీ ఒకటి పెట్టుకుని తిరుగుతాడు.

ఓటు తప్పించుకోవడానికి ఆయన పన్నిన ఉపాయమే ఈ మంచం. మార్కెట్ సెంటర్ నుంచి ఒక రోగిని మంచం మీద మోసుకుంటూ ముందు పల్లానికి వెళ్ళాలి, వెనక్కి వచ్చాక మిట్టకి వెళ్ళాలి. ఏది త్వరగా చేరితే ఆస్పత్రి అక్కడ. కమిటీ అంతా భేష్ అంది. రోగిగా పడుకోవడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. బతికుండగా నలుగురి చేతా మోయించుకోవడమేమిటని తలా ఒక పని చెప్పి తప్పుకున్నారు. అత్తగారు మాత్రం ఎగిరి గంతేసింది.

"ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి అందర్నీ నేనే మోశాను. ఒక్క పూట నన్ను మోయండి" అంది.

ఇప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"సరే, మీ ఇష్టం అత్తయ్యా. మందుల షాపాయన భార్య పడుకుంటానందట. ఆవిడకి కబురు పెడతాను."

"ఆవిడా?" అత్తగారు దిండుతో సహా కిందకి దూకింది. "ఆవిడ తుమ్మితేనే వీధంతా చెప్పుకుంటుంది. ఆవిడకి రోగం నటించడం ఏం చేతనవుతుంది?"

మంచం గుమ్మం దాటింది. వడ్రంగి దాన్ని ఒక్కడే భుజానికెత్తుకున్నాడు.

"అమ్మడూ" అన్నాడు చెల్లెలితో, గొంతు తగ్గించి. "నేనన్నది గుర్తుందిగా?"

"నేనన్నది కూడా గుర్తుందిగా" అంది అత్తగారు, చెవులు బాగా పనిచేసే మనిషి కనక.

టైలరమ్మ మర్చిపోతే కదా! ఇద్దరూ ఒకే సాయంత్రం, ఒకరి వెనక ఒకరు ఆమె కుట్టుమిషను దగ్గరకి వచ్చి చెప్పి వెళ్ళారు. కుళాయి వచ్చినా, వీధి దీపం వచ్చినా ముందు పల్లానికే, మిట్టవాళ్ళం మనుషులం కాదా, ఈసారి బావ పల్లానికి ఓటేస్తే ఈ గడప తొక్కను అన్నాడు అన్నయ్య. పల్లంలో కూతురుంది, ఆస్పత్రి అక్కడ ఉంటే మోకాలి నొప్పి పేరు చెప్పి రోజూ దాన్ని చూసుకుంటాను, మిట్టకి ఓటు పడిందా మూట కట్టుకుని దాని దగ్గరికే పోతాను అంది అత్తగారు. ఇద్దరూ పంతం పట్టారంటే వదిలే రకం కాదు.

తల్లీ తండ్రీ పోయాక ఆ పెద్ద పెద్ద చేతులతో తనకి జడలు వేసి బడికి పంపినవాడు అన్నయ్య. ఆ జడలు ఎప్పుడూ వంకరే. అత్తగారితో పొద్దున్నే ఒక పోట్లాట పడకపోతే టైలరమ్మకి సూదిలో దారం ఎక్కదు. ఇద్దర్లో ఎవరు లేకపోయినా ఆ ఇల్లు ఇల్లులా ఉండదు. అందుకే పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి ఆమె మొగుడితో "ఈ ఒక్కటీ నన్నడక్కండి" అంది. ఆ రోజు నుంచి ఆయన కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

*

పల్లం ప్రయాణం చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

ముందు వైపు మందుల షాపాయన, ఇంకో ముగ్గురు పల్లంవాళ్ళు తలో కోడూ పట్టుకున్నారు. అత్తగారు కళ్ళు మూసుకుని, చేతులు ముడుచుకుని, ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంటూ పడుకుంది. దారిలో ఈగ వచ్చి ముక్కు మీద వాలింది. అక్కడే కూర్చుని కాళ్ళు దులుపుకుంది. అత్తగారు కదల్లేదు.

నీళ్ళ బిందె చంకన పెట్టుకుని పక్కనే నడుస్తున్న టైలరమ్మకి భయం వేసింది. వంగి, "అత్తయ్యా, దాహమా?" అంది.

"నోర్ముయ్. టైము పోతుంది" అన్నాయి పెదవులు, కదలకుండా.

పల్లపు మైదానంలో కూతురు ఎదురొచ్చి "అమ్మా" అన్నా కన్ను తెరవలేదు. గడియారాలాయన రెండు చేతులూ చూసుకుని రెండు టైములూ కమిటీకి చెప్పాడు. రెండూ బాగానే ఉన్నాయి.

వెనక్కి వచ్చాక మంచం మిట్టవాళ్ళ చేతికి వచ్చింది. ముందు వైపు వడ్రంగి. నాలుగు అడుగులు పడ్డాయో లేదో, రోగికి స్పృహ వచ్చింది.

"దాహం."

మంచం దిగింది. ఆమె లేచి కూర్చుని, గ్లాసు అందుకుని, వేడి కాఫీ తాగినట్టు చన్నీళ్ళు గుక్క గుక్కగా చప్పరించింది.

"త్వరగా కానివ్వండత్తయ్యగారూ."

"రోగి కోరింది కాదనకూడదు. ఈ నిబంధన పెట్టిందెవరు?"

వడ్రంగి మొహం మాడ్చుకున్నాడు. పెట్టింది తనే. పల్లంవాళ్ళు పరుగులో ముసలావిణ్ణి కుదిపేస్తారనీ, ఆవిడ ఆపమంటే వాళ్ళకే ఆలస్యమవుతుందనీ లెక్కేసుకుని కమిటీలో పట్టుబట్టి పెట్టించాడు.

మంచం లేచింది. రెండో మలుపు దగ్గర మళ్ళీ కేక వినిపించింది.

"చెప్పు జారిపోయింది!"

"మంచం మీదున్న రోగికి చెప్పులెందుకండీ?"

"అంటే, నేను తిరిగి నడిచి రాననుకున్నావా?"

ఒకడు వెనక్కి పరిగెత్తి చెప్పు తెచ్చాడు. వాలు మొదలయ్యే చోట ఒక ఇంటి ముందు అత్తగారు ఏకంగా చెయ్యి అడ్డం పెట్టింది. అది ఆవిడ చిన్ననాటి స్నేహితురాలి ఇల్లట. పలకరించకుండా పోతే ఏమనుకుంటుంది?

స్నేహితురాలు బయటికి వచ్చి గుండెలు బాదుకోబోయింది. "ఏమైందే నీకు?"

"ఏమీ కాలేదే, రోగిని. నీ కోడలు ఎలా ఉంది?"

కోడలి సంగతి చిన్నది కాదు. టైలరమ్మ మంచం పక్కన కూలబడి, అత్తగారి చెవిలో అంది.

"చాలించండత్తయ్యా. చూడండి, పాపం మా అన్నయ్య."

"మీ అన్నయ్య నీకు అన్నయ్య. నాకు మిట్ట."

"బావగారూ!" వడ్రంగి అరిచాడు. "ఈ ఆగిన టైమంతా లెక్కలోంచి తీసెయ్యాలి!"

"తీసెయ్యడానికి వీల్లేదు" అన్నాడు వెనక వస్తున్న మందుల షాపాయన. "నిబంధన నిబంధనే."

గడియారాలాయన ఎడం చెయ్యి చూశాడు, కుడి చెయ్యి చూశాడు. "చూద్దాం" అన్నాడు.

ఆ మాటతో వడ్రంగికి తిక్క రేగింది. ఇక ఒకరి దయ అక్కర్లేదు, పోయిన టైము కాళ్ళతోనే రాబడతానన్నాడు. "పట్టండ్రా! పైదాకా ఎవరేమన్నా ఆగేది లేదు" అని మంచం ఎత్తాడు.

పరుగు మొదలైంది. ఆ వాలు ఉత్త చేతులతో ఎక్కితేనే ఆయాసం వస్తుంది. మంచం ఎగిరెగిరి పడుతోంది. అత్తగారు రెండు చేతులా పట్టెలు గట్టిగా పట్టుకుని "ఒరే, మెల్లిగా! నేను నిజం రోగిని కాదురా!" అని కేకలు. వెనక కమిటీ, కమిటీ వెనక జనం, అందరికంటే వెనక బిందెలో నీళ్ళు సగం ఒంటి మీద పోసుకుంటూ టైలరమ్మ. ఇంత హడావిడిలోనూ ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే పరిగెత్తింది.

వాలు సగంలో మంచం ముందు వైపు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. వడ్రంగి మోకాళ్ళు వంచి, తన వైపు మంచాన్ని చాలా జాగ్రత్తగా, కుదుపు లేకుండా నేల మీద ఆనించాడు. ఆనించి, దాని పక్కనే కూర్చుండిపోయాడు.

"నేనేమీ అడగలేదే!" అంది అత్తగారు. "ఇప్పుడెవరు ఆపమన్నారు?"

"ఓడిపోతున్నామని నాటకం" అన్నాడు పల్లంవాడొకడు.

"ఈ ఆగిన టైము మిట్ట ఖాతాలోనే" అన్నాడు ఇంకొకడు.

ఎవరేమన్నా మాటకి మాట అప్పజెప్పే వడ్రంగి నోరు మెదపకపోవడంతో టైలరమ్మ నవ్వు ఆగిపోయింది. బిందె అక్కడే వదిలేసి జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"అన్నయ్యా? ఏమైంది?"

"ఏం లేదు. ఇక్కడ... ఎవరో కూర్చున్నట్టుంది" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

అత్తగారు మంచం మీద నుంచి వంగి చూసింది. అతని మెడ మీద, నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఆవిడ మొహంలో రంగు పోయింది.

"అమ్మాయ్, మీ మామయ్యకీ పోయేముందు ఇలాగే పట్టింది చెమట" అంది. "ఎండకి అనుకున్నాం."

ఆ తర్వాత దిగమని ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్క ఉదుటున దిగి, తన దిండు తనే సర్ది, "చూస్తారేంట్రా, ఎక్కించండి!" అని అరిచింది. నలుగురు పట్టుకుంటే గానీ వడ్రంగి మంచం మీదకి రాలేదు.

మందుల షాపాయన నాడి చూశాడు. చొక్కా గుండీలు విప్పాడు. "నాటకం కాదు" అని ఫోన్ తీశాడు. పెద్దాస్పత్రి అంబులెన్సు పలికింది. అంతా చకచకా చెప్పాడు. అవతలి గొంతు ఒకే ఒక్క మాట అడిగింది. అందరికీ వినిపించింది.

"మీ ఊళ్ళో ఎటు రమ్మంటారండీ? పైన మైదానానికా, కింద మైదానానికా?"

మందుల షాపాయన నోరు తెరిచి, చుట్టూ చూసి, మూసేశాడు. "నేను చెబితే పల్లంవాడు కనక అలా అన్నాడంటారు" అని ఫోన్ పక్కనున్న మిట్టవాడి చేతిలో పెట్టాడు. మిట్టవాడు అది నిప్పుకణిక అయినట్టు ఇంకొకడికి అందించాడు. ఆ ఫోన్ చేతులు మారి మారి కమిటీ పెద్ద దగ్గరకి వచ్చి ఆగింది.

"హలో, హలో... ఎటు రావాలండీ?"

గడియారాలాయన పెళ్ళాం వంక చూశాడు. టైలరమ్మ అన్నయ్య తల తన ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఎటని చెప్పాలో ఆమెకీ తెలియలేదు.

"పైకే రమ్మనరా!" అంది అత్తగారు, ఏడుపు గొంతుతో. "పల్లం లేదు, గిల్లం లేదు. ఆస్పత్రి మిట్ట మీదే కట్టుకోండి. ఈ అబ్బాయి బతికితే చాలు. నా మాట వెనక్కి తీసుకున్నాను."

వడ్రంగి కళ్ళు తెరిచాడు. "అందరూ విన్నారుగా" అన్నాడు ఆయాసపడుతూ. "సాక్ష్యం... ఉంచుకోండి."

"నోర్మూసుకుని పడుకో నాయనా!"

గడియారాలాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మిట్ట మీదకి రావాలంటే ఎంతసేపు పడుతుంది?"

"కొండ చుట్టూ తిరిగి రావాలి కదండీ. చాలాసేపు పడుతుంది. పెద్ద రోడ్డు పక్కన అయితే ఇట్టే వచ్చేస్తాం."

ఆయన ఏ చెయ్యీ చూసుకోలేదు.

"అయితే పల్లానికి రండి. మేం దిగి వస్తున్నాం."

మాట్లాడింది ఎవరో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, ఇంతవరకూ బావమరిది పట్టుకున్న కోడు దగ్గర వంగాడు. "మీ నలుగురూ ఆ పక్క పట్టండి. మీరు ఇటు. అడుగు చూసుకుని దిగండి, పరిగెత్తొద్దు" అన్నాడు. మిట్టవాళ్ళూ పల్లంవాళ్ళూ ఎవరెటు అని చూసుకోకుండా వచ్చి పట్టుకున్నారు. మంచం లేచింది, వెనక్కి తిరిగింది.

ఆ గొంతు కోసం టైలరమ్మ పెళ్ళయిన నాటి నుంచి ఎదురుచూసింది. వినేసరికి ఒళ్ళు జల్లుమంది. సంతోషమో భయమో చెప్పడం కష్టం.

"బావగారూ" అన్నాడు మంచం మీద నుంచి వడ్రంగి, ఆగి ఆగి. "మీరు అంబులెన్సుకి చెప్పారా... ఓటు చెప్పారా?"

గడియారాలాయన దారి మీద నుంచి చూపు తిప్పలేదు.

"రెండూను" అన్నాడు.

అత్తగారు మొహం చీరకొంగులో దాచుకుంది. గెలిచిన మనిషి ఏడుస్తుంటే ఓదార్చే తీరిక ఎవరికీ లేదు. వడ్రంగి తల పక్కకి తిప్పేసుకున్నాడు, మిట్ట కనిపించే వైపుకి.

"అన్నయ్యా" అంది టైలరమ్మ, పక్కనే దిగుతూ. అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

అతను వదిలించుకోబోయాడు. లాగాడు. మళ్ళీ లాగాడు. దూలాలు ఒంటిచేత్తో ఎత్తే ఆ చేతికి చెల్లెలి వేళ్ళు విడిపించుకునే బలం లేకపోయింది.